శూన్యసాధకుడు స్వామి జ్ఞానానంద

ముక్కు మూసుకొని తపస్సు చేసే సన్న్యాసికి యంత్రాలతో ఏమి పని అని లోకం తలుస్తుంది. ఆ తలంపునకు స్వామి జ్ఞానానందగారి జీవితమే సమాధానం.

పూర్వాశ్రమంలో వారు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు. 1896 డిసెంబరు 5 వ తేదీన నేటి పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో జన్మించారు. యౌవనంలోనే ఇల్లు విడిచి, హిమాలయ ప్రాంతాలలో ఏండ్ల తరబడి యోగసాధన గావించారు. తరువాత జర్మనీ చేరి, డ్రెస్డెన్‌లో భౌతికశాస్త్రం అభ్యసించారు. ప్రేగ్‌లో ఎక్స్‌కిరణాలపై పరిశోధన జరిపి డాక్టరేటు పొందారు. పిమ్మట లివర్‌పూల్‌లో, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ పండితుని వద్ద బీటాకిరణాలను పరిశీలించారు. చాడ్విక్ అక్కడ సైక్లోట్రాన్ నిర్మాణానికి పూనుకొన్న రోజులవి. యుద్ధకాలంలో స్వామివారు అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో కృషి సాగించారు.

1947 లో వారి ‘హై వాక్యువా’ గ్రంథం వెలువడింది. పాత్రలోని గాలిని తోడివేసి శూన్యాన్ని కల్పించే విద్యను గూర్చిన గ్రంథమది. కణాలకు వేగమిచ్చే యంత్రానికి శూన్యమే ప్రాణం. గొట్టంలో గాలి మిగిలితే కణాలు దాని అణువులను ఢీకొని దారి తప్పుతాయి.

ఈ విద్య విలువ నేడు మరింత హెచ్చింది. రియాక్టరులో న్యూట్రానుల తాకిడికి ఉక్కులో సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడి, లోహం ఉబ్బుతుందని 1967 లో బ్రిటనులో వెల్లడయింది. హైదరాబాదు అణుఇంధన సముదాయంలో తయారయ్యే జిర్కోనియం గొట్టాలు సైతం ఆ తాకిడినే ఓర్చుకోవాలి. ఏండ్ల దెబ్బను కొద్ది రోజులలోనే తగిలించి చూడడానికి అయానుల ధార ఉపకరిస్తుంది. కల్పాక్కంలో 17 లక్షల వోల్టుల యంత్రంతో ఇట్టి పరీక్షలు జరిపారు. అయితే గొట్టంలో నూనె ఆవిరి లవలేశం మిగిలినా, దానిలోని కర్బనం లోహంలో చేరి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. అందుచేత పాత ప్రయోగశాలను ఈ పనికి తీర్చిదిద్దేవారు నూనె పంపులను తొలగిస్తారు; అతుకులు సరిచూస్తారు; ద్రవ నైట్రోజనుతో చల్లార్చిన ఫలకాలపై ఆవిరిని పట్టి ఉంచుతారు. యంత్రం ఎంత గొప్పదైనా, శూన్యం చెడితే శ్రమ వృథా.

స్వదేశానికి తిరిగివచ్చిన స్వామివారు, 1954 లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి, విశాఖలో అణుభౌతికశాస్త్ర శాఖకు పునాది వేశారు. విద్యార్థులకు పరికరం వాడడంతోపాటు పరికరం నిర్మించడమూ ముఖ్యమని వారి జీవితమే బోధించింది. 1969 సెప్టెంబరులో వారు పరమపదించారు. అక్కడి ప్రయోగశాలలు వారి పేరు ధరించాయి.

యంత్రాలు పాతబడతాయి, మారుతాయి. వాటిని మార్చగల చేతులను తయారుచేసిన గురువు ఋణం మాత్రం తీరేది కాదు.