చదువరులను వెదకికొన్న రచయిత: కందుకూరి వీరేశలింగం పంతులుగారు

1870 ప్రాంతమున తెలుగులో గ్రంథము వ్రాసినవారికి రెండే దారులుండెను. ఏ జమీందారునో ఆశ్రయించి కృతిని అంకితమిచ్చి సత్కారము పొందుట ఒకటి. నలుగురు పండితుల శిరఃకంపముతో తృప్తి చెందుట రెండవది. పుస్తకమును డబ్బిచ్చి కొను గృహస్థు, పత్రికకు చందా కట్టు గ్రామవాసి, మధ్యాహ్నపు తీరికలో కథ చదువుకొను ఇల్లాలు నాడు మిక్కిలి అరుదు. అట్టి చదువరులను వెదకికొని, లేనిచోట స్వయముగా తయారు చేసికొన్నవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి సుబ్బారాయుడుగారు గతించుటచే తల్లి పున్నమ్మగారును, పెదతండ్రిగారును వారిని పెంచిరి. దేహము మొదటినుండియు దుర్బలము. ఉబ్బసము జీవితమంతయు వెన్నాడినది. 1869లో మెట్రిక్యులేషన్ పరీక్షయందు ఉత్తీర్ణులై, కోరంగిలోను, పిమ్మట ధవళేశ్వరములోను ఉపాధ్యాయులుగా పని చేసిరి.

యౌవనమున వారును పాతదారినే పట్టిరి. శతకములు చెప్పిరి. తరువాత శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమను కావ్యమును రచించిరి. నలచరిత్రమంతయు పద్యములలోనే నడువవలెను. సంస్కృత పదము దొరలరాదు. పెదవులు తగులు అక్షరము ఒక్కటియు రారాదు. ఇది యెంత కష్టమో ఎవరైనను ఒక్క గడియ ప్రయత్నించి చూడవచ్చును. అమ్మ, పాలు, బడి అను మాటలు సైతము ఇందు పనికిరావు! పాండిత్యమునకు ఇంతకంటె పరీక్ష లేదు. పంతులుగారు ఆ పరీక్షయందు నెగ్గిరి. కాని ఆ కావ్యమును చదివి ఆనందింపగలవారు ఎందఱు? తమ వీథిలోని మనుష్యుల కష్టసుఖములు అందెంత? ఈ ప్రశ్నకు సమాధానము వారి తరువాతి జీవితమే చెప్పినది.

1874 అక్టోబరులో ధవళేశ్వరమునుండి వివేకవర్ధని మాసపత్రికను వెలువరించిరి. ఆ సంవత్సరమే అచ్చట బాలికలకు పాఠశాలను తెఱచిరి. ఈ రెండు పనులును ఒక్కటే యని గ్రహింపవలెను. చదువరులు లేనిదే పత్రిక యెవరికి? మొదట పత్రిక చెన్నపట్టణమున అచ్చగుచుండెను. గోదావరీతీరమునుండి చెన్నపట్టణమునకు నాడు రైలు లేదు. వ్రాతప్రతి అంతదూరము పోవలెను; అచ్చుకాగితములు అంతదూరము తిరిగి రావలెను. ఉపాధ్యాయుని జీతముతో ఇది యెంతటి సాహసమో వేఱుగ చెప్పనక్కఱలేదు. పిమ్మట రాజమహేంద్రవరముననే ముద్రాశాల నెలకొల్పుకొనిరి. నాటినుండి వ్రాయుట, అచ్చు దిద్దుట, చదువరులకు అందించుట అన్నియు వారి కనుసన్నలలోనే జరిగినవి. తొలి సంచికలలో శైలి బిగువుగా నుండెను. ఆ బిగువు సామాన్యునకు అడ్డమని తెలిసికొని పంతులుగారు దానిని సడలించిరి. నిరోష్ఠ్యకావ్యము వ్రాసిన చేతికి ఈ సడలింపు సులభమైన పని కాదు.

ఆ పత్రికలోనే 1878లో రాజశేఖర చరిత్రము ప్రకటింపబడ నారంభించి, 1880లో పుస్తకముగా వెలువడినది. గోల్డ్‌స్మిత్ అను ఆంగ్లరచయిత నవల దీనికి ప్రేరణ. ఆ మాట పట్టుకొని ఆక్షేపించినవారు లేకపోలేదు. అయినను, ముఖస్తుతులకు లొంగి ఆస్తి పోగొట్టుకొన్న ధవళేశ్వరపు గృహస్థు, బంగారము చేసెదనని మోసగించు కపట సన్న్యాసి, వీరెవ్వరును సీమనుండి దిగుమతియైనవారు కారు. చదువరి వీరిని తన యూరిలోనే చూచియుండెను. ఆ నవల 1887లో హచిన్‌సన్ దొరగారిచే ఆంగ్లమున అనువదింపబడి లండనులో ప్రచురితమైనది.

ప్రహసనముల సంగతి మఱియు వింత. బ్రాహ్మవివాహమని పంతులుగారు పేరు పెట్టిరి. జనులు దానిని పెద్దయ్యగారి పెండ్లి అనిరి. వ్యవహార ధర్మబోధిని అని పేరు పెట్టిరి. జనులు ప్లీడరు నాటకమనిరి. గ్రంథకర్త పెట్టిన పేరు మఱుగుపడి లోకము పెట్టిన పేరు నిలుచుటకంటె రచయితకు వేఱు బిరుదమేల? 1893లో ప్రభుత్వమువారు రావుబహద్దరు బిరుదమిచ్చిరి. అది వేఱు మాట.

ఈ ఆదరము ఊరక రాలేదు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, పత్రికను చదివి మెచ్చుకొన్న వారిలోనే పలువురు గడప తొక్కుట మానిరి. వంటవారు రాలేదు, నీరు తెచ్చువారు రాలేదు. సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీరు మోసి తెచ్చిరి. మెచ్చుకొను చదువరి వేఱు, వెంట నడచు చదువరి వేఱు అని పంతులుగారికి ఆ దినములలో బోధపడియుండును. అయినను 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధినిని స్థాపించిరి. ప్రతిపక్షులతో వాదములలో వారి కలము ఒక్కొక్కప్పుడు మితిమీరి పదునెక్కినదనుట సత్యము.

తాము సంపాదించిన చదువరులను తమకే దాచుకొనక పోవుట వారి గొప్పతనము. వారి సంబంధము గల చింతామణి పత్రిక నవలలకు బహుమానములు ప్రకటించెను. 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి రామచంద్ర విజయము అట్టి బహుమానము పొందినది. 1906లో హితకారిణీ సమాజమును నెలకొల్పి తమ ఆస్తినంతయు దానికి అప్పగించిరి.

చిరకాలము వ్యాకరణమర్యాదను విడువని ఈ పెద్దలు, తమ డెబ్బదవయేట మఱియొక అడుగు వేసిరి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడగా, వాడుక భాషను కోరు ఆ సమాజమునకు అధ్యక్షులైరి; గిడుగు రామమూర్తి పంతులుగారు కార్యదర్శి. పిమ్మట ఆంధ్రకవుల చరిత్రమును సవరించి మరల అచ్చొత్తించుటకై చెన్నపట్టణము పోయిరి. అచ్చట, విజ్ఞానచంద్రికా గ్రంథమాలను తెలుగువారికి అందించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి వేదవిలాసమున, ఆ పని చేతిలో నుండగనే, 1919 మే 27వ తేదీన కన్ను మూసిరి.