ఈకలతో పురుగును చేసిన మేరీ

పద్మాక్షి గుట్ట దగ్గర ఆడే బతుకమ్మను పేర్చే మన హనుమకొండ ఆడవాళ్ల వేళ్లలో ఎంత నేర్పుందో, అమెరికాలోని మేరీ ఆర్విస్ మార్బరీ వేళ్లలోనూ అంతే! ఆమె పేర్చింది పువ్వులు కాదు, ఈకలు. ట్రౌట్ అనే చన్నీటి చేప కోసం గాలానికి ఈకలు, దారం చుట్టి, అచ్చం పురుగులా ఉండే ఎర కట్టేది.

1856లో పుట్టిన మేరీ, వెర్మాంట్‌లో తండ్రి కంపెనీ ఎరల విభాగాన్ని 1876లో చేతుల్లోకి తీసుకుంది. ఆమె దగ్గర ఎరలు కట్టేది ఆడవాళ్లే. అప్పట్లో ఒకే ఎరకు ఊరికో పేరు. అడిగేదొకటి, వచ్చేదొకటి! దేశం నలుమూలల గాలం వేసేవాళ్ల ఉత్తరాలు కూర్చి, పేర్లు, రంగుల బొమ్మలతో 1892లో పెద్ద పుస్తకమే తెచ్చింది. మగవాళ్ల ఆటకు ఆమె పుస్తకమే ఆధారమైంది.

1914లో మేరీ కన్నుమూసింది. చేతిపనేగా అని తీసిపారేసే నేర్పు, రాసిపెడితే శాస్త్రమే కదూ!