విశాఖపై బాంబులు వేయించిన అడ్మిరల్

పార్లమెంటులో రక్షణశాఖ పద్దులు చర్చకు వచ్చినప్పుడల్లా సభ్యులు విమానాల సంఖ్యను గురించే ఎక్కువగా ప్రశ్నిస్తారు. వాటిని నడిపేవారికి ఎంత శిక్షణ ఉన్నదో, నడిపించేవారికి ఏ వ్యూహమున్నదో అడిగేవారు అరుదు. పత్రికా గ్యాలరీలో కూర్చుని ఆ లెక్కలు వింటున్నప్పుడు నాకు జపాను నౌకాదళాధిపతి ఓజావా జిసాబురో జీవితం స్ఫురిస్తుంది. 1942 ఏప్రిల్ 6న కాకినాడపైన, బస్తర్ సీమకు సముద్రద్వారమైన విశాఖపట్నంపైన బాంబులు కురిపించినవి ఆయన దళంలోని ర్యూజో నౌక నుండి లేచిన విమానాలే.

ఓజావా 1886లో క్యూషూ ద్వీపంలోని మియాజాకి ప్రాంతంలో జన్మించి, 1909లో నౌకాదళ విద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. విమానవాహక నౌకలను విడివిడిగా గాక ఒకే నాయకత్వం క్రింద కూడగట్టి ప్రయోగించాలని 1940లో ఆయన ప్రతిపాదించాడు. 1941 ఏప్రిల్‌లో అటువంటి దళం ఏర్పడింది. కాని సీనియారిటీని బట్టి దాని ఆధిపత్యం నగుమోకు దక్కింది. పెర్ల్ హార్బర్‌ను దెబ్బతీసినది ఆ దళమే.

బంగాళాఖాతంలో ఓజావాకు దక్కినది ఒక చిన్న విమానవాహక నౌక, కొన్ని క్రూయిజర్లు. అయినా ఆరితేరిన వైమానికులు ఆయనకున్నారు. మన తీరానికి చెప్పుకోదగిన వైమానిక రక్షణ లేదు. కొద్ది రోజులలోనే ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగిపోయాయి.

రెండేళ్ళ తర్వాత, 1944 జూన్‌లో, ఫిలిప్పీన్ సముద్రయుద్ధం నాటికి ఆయన అధీనంలో తొమ్మిది విమానవాహక నౌకలు, సుమారు 430 విమానాలు ఉన్నాయి. తన విమానాలు అమెరికన్ విమానాల కంటె ఎక్కువ దూరం పోగలవు గనుక, శత్రువుకు అందనంత దూరం నుండి దెబ్బతీయాలన్న ఆయన వ్యూహం తర్కబద్ధమైనదే. కాని అనుభవజ్ఞులను నూతన వైమానికులకు గురువులుగా వెనక్కు పిలిపించక, వారు నేలకొరిగేవరకు ముందువరుసలోనే నిలిపి ఉంచినది జపాను నాయకత్వం. వారి స్థానంలోకి వచ్చినవారికి తావీతావీ లంగరు రేవులో అభ్యాసానికి విమానాశ్రయమైనా లేకపోయింది. రాడార్ సాయంతో పొంచి ఉన్న అమెరికన్ వైమానికులు వారిని నిర్మూలించారు. రెండురోజుల పోరు ముగిసేసరికి ఓజావాకు మిగిలిన విమానాలు దాదాపు 35. మూడు పెద్ద నౌకలు కూడా మునిగిపోయాయి. ఆయన రాజీనామా ఇవ్వజూపితే పై అధికారులు అంగీకరించలేదు.

అదే ఏడాది అక్టోబరులో, లేతే యుద్ధంలో, విమానాలు కొద్దిగానే మిగిలిన నాలుగు నౌకలను ఎరగా చూపి అమెరికన్ అడ్మిరల్ హాల్సీని ఉత్తరానికి ఆకర్షించాడు. ఎర పారింది. నాలుగు నౌకలూ నాశనమయ్యాయి. కాని దక్షిణాన ఆ అవకాశాన్ని వినియోగించుకోవలసిన కురిటా వెనుదిరిగాడు. 1945 మేలో ఓజావా సంయుక్త నౌకాదళానికి చిట్టచివరి అధిపతి అయ్యాడు. 1966 నవంబరు 9న మరణించాడు.

1968లో నాటి బస్తర్ జిల్లాలోని బైలదిల్లా గనులు పని ప్రారంభించగా, ఆ ఇనుప ఖనిజం కొండలు దిగి, ఓజావా బాంబులు పడిన విశాఖ నుండే జపానుకు ఎగుమతి కాసాగింది. శత్రుత్వాలు మారుతాయి, తీరం మారదు. 1942లో ఒక్క చిన్న నౌకతో గెలిచినవాడే 1944లో తొమ్మిదింటితో ఓడినాడు. నౌకలు పెరిగినవి, శిక్షణ తరిగినది. మన సభ్యులు ఈసారి ఎన్ని విమానాలని అడిగిన తరువాత, ఈ రెండవ ప్రశ్న కూడా అడుగవలసి ఉన్నది.