కడలి యడుగు మన్ను: మహాదేవన్‌గారి చరిత్రము

వానకాలమున నాగులేరు నిండి పాఱునప్పుడు దాని నీరు బురదవన్నె దాల్చుట పలనాటి బాలు రెల్ల రెఱుగుదురు. ఆ యేఱు కృష్ణలో గలియును. కృష్ణ కడలిలో గలియును. అటుపిమ్మట నా బురద యేమగునని యడుగువా రరుదు. మేమును చిన్ననాట బురదను కాలికంటిన పీడగనే యెంచితిమి. దానిని శాస్త్రముగ జదివిన యొక పండితుని గూర్చి యిట వ్రాయుచున్నాము.

కలమూరు మహాదేవన్‌గారు 1901లో జనించిరి. కలకత్తాలో రామన్‌గారి యొద్ద పరిశోధనము నేర్చి, ఎక్స్-కిరణములతో బొగ్గును పరీక్షించిరి. పిదప హైదరాబాదు సంస్థానపు భూగర్భశాఖలో బనిచేసి, తరువాత వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు భూగర్భశాస్త్రాచార్యులైరి.

ఆ శాస్త్రము చదివినవారు కొండలెక్కి రాళ్లు గొట్టుట వాడుక. వీరి చూపు ఎదుటి సముద్రముపై బడెను. 1952లో అమెరికానుండి లాఫాండుగారు వాల్తేరునకు రాగా, సముద్రపరిశోధనము ముమ్మరమయ్యెను. నౌకాదళపు టోడలపై బోయి అడుగు మన్నును పైకెత్తి తెచ్చిరి. తూర్పుతీరపు టడుగు మన్నును గూర్చి మహాదేవన్‌గారు 1954లో వ్యాసము వెలువరించిరి.

ఇంతకు నా మన్నులో నేమున్నది? నల్లరేగడిలో స్మెక్టైటను బంక ఖనిజము మెండు. అది తడిసిన నుబ్బును, ఎండిన బీటలువాఱును. వేసవిని మన చేలలోని నెఱ్ఱెలు దాని పనియే. కృష్ణాగోదావరులు దీనిని కడలికి జేర్చును. గంగాబ్రహ్మపుత్రలు హిమాలయములనుండి తెచ్చు బురదలో ఇల్లైటు, క్లోరైటు హెచ్చు. కంటికి రెండును బురదయే, ఎక్స్-కిరణములకు మాత్రము వేఱువేఱు. అడుగున పొరలుపొరలుగ బేరిన యీ మన్నులో, ఏ పొరయం దేది యెంత కలదో లెక్కించినచో, వేలయేండ్ల క్రిందట లోతునీ రే దెసనుండి యే దెసకు బాఱెనో యూహింపవచ్చును. ఒక చిక్కు గలదు. నదులు తెచ్చు మన్ను తగ్గినను హెచ్చినను పాళ్లు మాఱును. కావున రేణువుల పరిమాణమును గూడ జూడవలయును. వేగముగల ప్రవాహమున సన్ననివి కొట్టుకొనిపోయి ముతకవి నిలుచును.

ఈ విషయములు పెక్కు మహాదేవన్‌గారి యనంతరముననే తేటపడినవి. వారు 1962లో దివంగతులైరి. మఱుసటి యేడు, అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధన సందర్భమున, ఆంధ్రతీరమున కెదుట నీటిలోపల గొప్ప లోయలు కనబడెను. అందొక లోయకు మహాదేవన్‌గారి పేరిడిరి. తీరపు బురద యట్టి లోయల వెంబడినే లోతునకు జాఱును.