కంప్యూటర్‌కు దుబాసీని ఇచ్చిన మాస్టారు: గ్యారీ కిల్డాల్



ఈ నెల ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఇంట్లోనో, ఆఫీసులోనో విండోస్ కంప్యూటర్ ఉంటే తెరిచి చూడండి. అందులో సీ డ్రైవ్ కనిపిస్తుంది. మరి ఏ, బీ ఏమయ్యాయి? అక్షరాలు నేర్పేటప్పుడు మనం పిల్లలకు సీ నుంచి మొదలుపెట్టం కదా!

ఒకప్పుడు ఏ, బీ అనేవి ఫ్లాపీ డిస్కులకు పెట్టిన పేర్లు. ఫ్లాపీలు పోయాయి, వాటి అక్షరాలు మాత్రం ఖాళీ కుర్చీల్లా మిగిలిపోయాయి. చిన్న కంప్యూటర్లకు ఈ అలవాటు చేసింది సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని రాసినది గ్యారీ కిల్డాల్. కంప్యూటర్ చరిత్ర చదివిన వాళ్లందరికీ తెలిసిన పేరే. ఆయన చనిపోయి 30 ఏళ్లు దాటింది. ఆయన వృత్తి ఏమిటో తెలుసా? మాలాగే పాఠాలు చెప్పడం.

నావికుల బడి ఇంటి అబ్బాయి

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్ నగరంలో పుట్టారు. అది ఓడరేవు ఊరు. వాళ్ల కుటుంబం అక్కడ ఓడలు నడిపేవాళ్లకు చదువు చెప్పే బడి నడిపేది. గ్యారీ కూడా అక్కడ కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. లెక్కల మాస్టారు కావాలన్న ఆలోచనతో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరి, అక్కడ కంప్యూటర్ల వైపు మళ్లారు. 1972లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

అప్పట్లో అమెరికాలో యువకులను సైన్యంలోకి పిలిచే నిర్బంధ విధానం ఉండేది. కిల్డాల్ నేవీలో చేరి, కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఉన్న నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో పాఠాలు చెబుతూ ఆ బాధ్యత తీర్చుకున్నారు. పీహెచ్‌డీ తర్వాత మళ్లీ అక్కడే అధ్యాపకుడిగా కొనసాగారు. అదే సమయంలో ఇంటెల్ కంపెనీ గోరంత చిప్ మీద కంప్యూటర్ మెదడును అమ్మడం మొదలుపెట్టింది. కిల్డాల్‌కు దాని మీద గురి కుదిరింది. ఇంటెల్‌కు సలహాదారుగా వెళ్లి, ఆ చిప్పుల కోసం పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు.

ఇక్కడే ఆయనకు ఒక ఇబ్బంది ఎదురైంది. చిప్ వేగంగా పనిచేస్తుంది, రాసిన ప్రోగ్రామును దాచుకునే చోటు మాత్రం లేదు. అప్పట్లో టెలిటైప్ యంత్రంతో కాగితపు రిబ్బనుకు చిల్లులు కొట్టి దాచేవారు. అది సెకనుకు 10 అక్షరాలు మాత్రమే చదివేది. ఐబీఎం కంపెనీ తెచ్చిన 8 అంగుళాల ఫ్లాపీ డిస్కులో 77 వలయాలు, ఒక్కో వలయంలో 26 గదులు, ఒక్కో గదిలో 128 అక్షరాలు పట్టేవి. మీ పిల్లలతో గుణించి చూడమనండి: మొత్తం 2,56,256 అక్షరాలు. వాటిని ఆ రిబ్బను మీద చదవాలంటే 7 గంటలు దాటుతుంది. ఫ్లాపీ ఎందుకు కావలసివచ్చిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

అరిగిపోయిన డ్రైవ్, పక్కన లేని కార్డు

కొత్త ఫ్లాపీ డ్రైవ్ కొనే స్తోమత కిల్డాల్‌కు లేదు. షుగార్ట్ అనే కంపెనీ మన్నిక పరీక్షలకు వాడి పక్కన పడేసిన ఒక డ్రైవ్ ఆయనకు దొరికింది. కానీ డ్రైవ్ ఒక్కటీ ఉంటే సరిపోదు. దాని మోటారుకు, సూదికి ఎప్పుడేం చేయాలో చెప్పే సర్క్యూట్ ఒకటి కావాలి. దాన్నే డిస్క్ కంట్రోలర్ కార్డు అంటారు. కిల్డాల్ తానే తయారుచేయబోయారు. కుదరలేదు. ఆయన ప్రోగ్రాములు రాసే మనిషి, వైర్లు కలిపే మనిషి కాదు. ఆ డ్రైవ్ చాలాకాలం ఆఫీసులో ఊరికే పడి ఉంది.

చివరికి ఆయన సిగ్గుపడకుండా ఒక పాత మిత్రుడిని సాయం అడిగారు. యూనివర్సిటీ రోజుల స్నేహితుడు జాన్ టొరోడ్ ఎలక్ట్రానిక్స్‌లో దిట్ట. ఆయన కార్డు తయారుచేశారు, కిల్డాల్ దాంతో మాట్లాడే ప్రోగ్రాము రాశారు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే ఊళ్లో, కిల్డాల్ ఇంటి వెనుక పనిముట్లు పెట్టుకునే పాకలో సీపీ/ఎం మొదటిసారి నడిచింది.

ఇంతకీ డ్రైవర్ అంటే ఎవరు?

కంప్యూటర్ మాటల్లో డ్రైవర్ అంటే బండి నడిపేవాడు కాదు, దుబాసీ. మన సీతంపేట సంత గుర్తు తెచ్చుకోండి. కొండ దిగి చింతపండు, కొండచీపుర్లు తెచ్చే సవర పెద్దావిడకు తెలుగు అంతంతమాత్రం. పట్నం నుంచి వచ్చిన షావుకారుకు సవర ఒక్క ముక్క రాదు. రెండూ వచ్చినవాడు ఒకడు మధ్యలో నిలబడితే బేరం సజావుగా సాగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఫైలు కావాలి. కార్డుకు ఫైలు అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి వలయం, గది, చదువు, రాయి అన్న నాలుగు మాటలే. మధ్యలో నిలబడేది డ్రైవర్.

పాత కార్డుకు డ్రైవర్ రాయడం ఓపికతో కూడిన పని. ముందు ఆ కార్డుకు ఉన్న ద్వారాలేమిటో తెలుసుకోవాలి. వీటిని పోర్టులు అంటారు. ఒక ద్వారంలో ఆజ్ఞ వేయాలి, ఇంకో ద్వారంలో జవాబు చూడాలి. అది సిద్ధంగా ఉందా, పనిలో ఉందా, తప్పు దొర్లిందా? పనిలో ఉంటే ఆగాలి. తప్పు వస్తే వెంటనే చేతులెత్తేయకూడదు. సీపీ/ఎంతో పాటు నమూనాగా ఇచ్చిన డ్రైవర్‌లో చదవడం కుదరకపోతే 10 సార్లు ప్రయత్నించాలని రాసి ఉండేది. అక్షరం రాయలేకపోయిన పిల్లవాడి దగ్గర మనం ఎన్నిసార్లు ఆగుతున్నామో ఒకసారి ఆలోచించండి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. జాతరలో రంగులరాట్నం తిరుగుతుంటే, దిగిన పాపను పక్కకు తీసుకెళ్లేలోపు తర్వాతి గుర్రం మన ముందునుంచి వెళ్లిపోతుంది. మళ్లీ అది రావాలంటే ఒక చుట్టు పూర్తిగా ఆగాలి. ఫ్లాపీ కూడా అంతే. అది సెకనుకు 6 చుట్లు తిరుగుతుంది. ఒక గది చదివి సర్దుకునేలోపు పక్క గది దాటిపోయేది. అందుకని కిల్డాల్ గదులను వరుసగా కాకుండా 6 అంకెల ఎడంతో వాడారు: 1, 7, 13, 19, 25, తర్వాత 5, 11 అలా. చిన్న కంప్యూటర్‌ను పరుగెత్తించలేదు, దాని అడుగుకు తగ్గట్టు దారినే మార్చారు.

దుబాసీ పని గొప్పదనం మన ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. నేర్పడానికి పుస్తకం లేదు. సవరలతోనే కూర్చుని, విని, అడిగి నేర్చుకుని, తర్వాత వాళ్ల పిల్లలకు వాచకాలు, మనకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పుస్తకం లేని యంత్రాన్ని కిల్డాల్ తరం తెలుసుకున్న తీరూ ఇదే.

ఒక్క భాగాన్ని విడదీశారు

కిల్డాల్, ఆయన భార్య డొరతీ కలిసి డిజిటల్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టారు. అక్కడ కొత్త చిక్కు వచ్చింది. ఒక్కో కంప్యూటర్ కంపెనీ ఒక్కో రకం కార్డు వాడేది. కార్డు మారినప్పుడల్లా సీపీ/ఎంలో లోపల్లోపల వెతికి మార్చాల్సి వచ్చేది. నాలుగు రకాల కార్డులకు అలా మార్చాక, 1976లో ఇమ్‌సాయ్ అనే కంపెనీ కూడా వచ్చి అడిగింది. అప్పుడు కిల్డాల్ కూర్చుని సీపీ/ఎంను రెండుగా విడదీశారు. యంత్రం ఏదైనా మారని భాగం ఒకవైపు, యంత్రాన్ని బట్టి మారే చిన్న భాగం ఇంకోవైపు. ఆ చిన్న భాగానికి బయోస్ అని పేరు పెట్టారు.

1979లో వచ్చిన సీపీ/ఎం 2.2లో ఈ బయోస్‌కు 17 పనులే. కీబోర్డు నుంచి అక్షరం తీసుకోవడం, తెరమీద చూపించడం, డ్రైవ్ ఎంచుకోవడం, వలయం, గది చెప్పడం, చదవడం, రాయడం లాంటివి. ఆ 17 పనులు మీ కార్డుకు తగ్గట్టు రాసుకుంటే చాలు, మిగతా సీపీ/ఎం అంతా మీ యంత్రం మీద నడుస్తుంది. ఎలా రాయాలో కంపెనీ పుస్తకం వేసి మరీ చెప్పింది. మాస్టారు కదా! ఫలితంగా ఒక కంపెనీ యంత్రం కోసం రాసిన ప్రోగ్రాము ఇంకో కంపెనీ యంత్రం మీద కూడా నడవడం మొదలైంది. ఈ రోజు మీరు ఏ కంపెనీ ప్రింటర్ కొన్నా ఏ కంప్యూటర్‌కైనా తగిలించగలుగుతున్నారంటే, దాని వెనుక ఇలాంటి ఆలోచనే ఉంది.

చేజారిన అవకాశం

1980లో ఐబీఎం తన కొత్త పర్సనల్ కంప్యూటర్ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ వెతుక్కుంటూ కిల్డాల్ కంపెనీకి వచ్చింది. ఆ రోజు ఆయన సొంత చిన్న విమానంలో పని మీద వేరే ఊరు వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చారు. ఏం మాట్లాడుకున్నారన్నది తలా ఒక రకంగా చెబుతారు. ఒప్పందం మాత్రం కుదరలేదు. ఐబీఎం మైక్రోసాఫ్ట్ దగ్గరకు వెళ్లింది. మైక్రోసాఫ్ట్ టిమ్ ప్యాటర్సన్ అనే ఇంజనీరు రాసిన వేరే సిస్టమ్‌ను కొని అందించింది. అది చాలావరకు సీపీ/ఎం పద్ధతిలోనే పనిచేసేది. తర్వాత కిల్డాల్ సిస్టమ్‌ను కూడా ఐబీఎం అమ్మకానికి పెట్టింది. కాకపోతే మైక్రోసాఫ్ట్‌ది 40 డాలర్లు, కిల్డాల్‌ది 240 డాలర్లు. ఎవరు ఏది కొన్నారో వేరే చెప్పక్కర్లేదు.

అప్పటినుంచి ఆయనను పరిచయం చేసేవాళ్లంతా బిల్ గేట్స్ కాలేకపోయిన మనిషిగానే పరిచయం చేశారు. ఆయన మాత్రం పని ఆపలేదు. ఏడేళ్ల పాటు కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమంలో సామాన్యులకు కంప్యూటర్ల గురించి వివరించారు. 1985లో ఒక విజ్ఞాన సర్వస్వాన్ని మొత్తంగా ఒక సీడీలో తెచ్చిన పనిలో ఆయనదే ముఖ్యపాత్ర. అయినా ఆ పోలిక ఆయనను బాగా బాధించింది. 1994 జూలై 11న, తలకు తగిలిన గాయంతో, 52 ఏళ్లకే చనిపోయారు. 2014లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ పసిఫిక్ గ్రోవ్‌లో ఆయన పనిచేసిన చోట ఒక స్మారక ఫలకం పెట్టింది. ఆయన సీపీ/ఎం చదివి, ఈనాటి మెమరీ కార్డులకు సరిపడే బయోస్ రాసుకుంటున్న ఔత్సాహికులు ఇప్పటికీ ఉన్నారు.

డ్రైవర్‌కు ఒక దురదృష్టం ఉంది. అది బాగా పనిచేసినంత కాలం అది ఉందన్న సంగతే ఎవరికీ తోచదు. పనిచేయని రోజున మాత్రం అందరూ దాని పేరే తలుస్తారు. కిల్డాల్ జీవితం కూడా అలాగే అయింది. నడిచిన లక్షల యంత్రాలు ఎవరికీ కనబడలేదు, కుదరని ఒక్క బేరం అందరికీ కనబడింది.

ఇది రాస్తుంటే నాకు మొన్నటి పేరెంట్స్ మీటింగ్ గుర్తొచ్చింది. మా ఆరో తరగతి అబ్బాయి ఒకడు వాళ్ల నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడకు సవర తప్ప వేరే భాష రాదు. ఆవిడ అడిగింది నాకు తెలుగులో చెప్పాడు, నేను చెప్పింది ఆవిడకు సవరలో చెప్పాడు. తన మార్కులు తగ్గాయన్న మాట కూడా దాచకుండా చెప్పాడు. ఆ తర్వాతే నాకు తట్టింది: అరగంట సేపు ఆ పిల్లవాడు రెండు భాషలను మోశాడు, నేను వాడికి ఇంగ్లిష్‌లో వేసిన తక్కువ మార్కుల గురించే మాట్లాడుకున్నాం. నా రిజిస్టర్‌లో దుబాసీ పనికి గడి లేదు.

ఈ నెల ఇంట్లో ఒక పని చేయండి. ప్రోగ్రెస్ కార్డు తెరిచే ముందు, ఆ కార్డులో గడి లేని పని మీ పిల్లలు ఏది బాగా చేస్తున్నారో ఒక్కటి గుర్తుచేసుకుని వాళ్లతో చెప్పండి. చెల్లికి లెక్క వివరించడం కావచ్చు, తాతయ్యకు ఫోన్ నేర్పడం కావచ్చు. వీలైతే ఒక కాగితం మీద రాసి డైరీలో పెట్టి పంపండి. నా రిజిస్టర్ చివరి పేజీలో వాటికోసం చోటు పెట్టాను.