కొమురం భీం

మన దేశంలో అడవులను, కొండలను ఆశ్రయించుకొని అనాదిగా జీవిస్తున్న జాతులు అనేకం ఉన్నాయి. వారినే ఆదివాసులు అంటాం. తిండి, గూడు, మందు, దైవం అన్నీ వారికి అడవిలోనే ఉన్నాయి. అటువంటి జాతులలో గోండులు ముఖ్యులు. తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలలో వారు ఎక్కువగా నివసిస్తున్నారు. ఒకప్పుడు గోండు రాజులు మధ్యభారతంలో కొన్ని శతాబ్దాలు రాజ్యమేలారు. చాందా నగరం వారి రాజధానులలో ఒకటి. నేడు చంద్రపూర్ అని పిలిచే ఆ నగరంలో వారి కోట గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో చాందా రాజ్యం మరాఠాల వశమైంది. తరువాత ఆదిలాబాద్ అడవులు నిజాం పాలనలోకి వచ్చాయి. కాలక్రమంలో, రాజ్యమేలిన జాతి తన నేలమీద తానే పరాయిదయింది. ఆ అన్యాయాన్ని ఎదిరించి ప్రాణాలర్పించిన వీరుడు కొమురం భీం.

భీం 1901లో ఆసిఫాబాద్ సమీపంలోని సంకేపల్లి గ్రామంలో జన్మించాడు. అతని తండ్రి పేరు చిన్ను. భీం బాల్యం అడవిలోనే గడిచింది. అతడు బడికి పోలేదు. ఆ రోజులలో గోండు గూడేలలో బడి అన్నదే అరుదు.

గోండులు పోడు వ్యవసాయం చేసేవారు. ఒక చోట కొన్నేళ్లు పంట పండించి, నేల సారం తగ్గగానే దానిని బీడుగా వదిలి మరొక చోటికి పోయేవారు. ఆ బీడు తిరిగి సారం పుంజుకొన్న తరువాత మళ్లీ అక్కడికి వచ్చేవారు. నిజాం ప్రభుత్వం అడవులకు హద్దులు వేసినప్పుడు అధికారులు ఈ బీళ్లను ఎవరికీ చెందని నేలగా భావించి రిజర్వు అడవిలో కలిపారు. తాతల నాటి నుండి దున్నుకొంటున్న నేలలో అడుగు పెట్టడమే నేరమైంది. పశువులను మేపితే పన్ను, వంటచెరకు తెచ్చుకొంటే పన్ను. పన్ను కట్టలేనివారికి జరిమానా తప్పేది కాదు.

రెండో దెబ్బ కాగితం రూపంలో వచ్చింది. రోడ్లు, రైలు మార్గం ఏర్పడగానే మైదాన ప్రాంతాల నుండి వ్యాపారులు, భూస్వాములు అడవి అంచులకు వచ్చారు. వారికి చదువు వచ్చు. కచేరీలకు పోయి దరఖాస్తు పెట్టుకొని, భూములకు పట్టాలు సంపాదించుకొన్నారు. ఎవరు దున్నితే నేల వారిదే అన్న న్యాయం తప్ప గోండులకు మరొకటి తెలియదు. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసి భూమిని పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు. నిన్నటి రైతు నేడు తన పొలంలోనే కూలివాడయ్యాడు. అధికారుల గుడారాలు మోయడం, వారికి వెట్టి చేయడం అతని విధి అయింది.

గోండుల పెద్దలు చెప్పుకొనే కథనం ప్రకారం, అటవీ ఉద్యోగులతో జరిగిన ఘర్షణలో చిన్ను ప్రాణాలు కోల్పోయాడు. అప్పటికి భీంకు ఇంకా మీసాలు రాలేదు. కుటుంబం సంకేపల్లి విడిచి సుర్దాపూర్‌కు చేరింది. అన్నదమ్ములు కష్టపడి అక్కడ అడవి కొట్టి పొలం చేసుకొన్నారు. పంట చేతికి వచ్చే సమయానికి సిద్దిఖ్ అనే భూస్వామి వచ్చి ఆ భూమి తనదన్నాడు. తగవు ముదిరింది. భీం కొట్టిన దెబ్బకు సిద్దిఖ్ మరణించాడు. పోలీసులు వెదకడం మొదలుపెట్టగా భీం ఊరు విడిచి పారిపోయాడు.

అజ్ఞాతవాసం అతని జీవితాన్ని మలుపు తిప్పింది. చాందాలో విఠోబా అనే ముద్రణాలయ యజమాని అతనికి ఆశ్రయమిచ్చాడు. అక్షరాలు కూర్చే ఆ చోటనే భీం చదవడం, రాయడం నేర్చుకొన్నాడు. తన వారి భూములను కాజేసిన ఆయుధం ఏదో అతనికి అప్పుడు అర్థమైంది. తరువాత అస్సాం తేయాకు తోటలకు పోయి కొన్నేళ్లు కూలిపని చేశాడు. దేశం నలుమూలల నుండి వచ్చిన నిరుపేదలు అక్కడ పడే పాట్లు కళ్లారా చూశాడు. ఈ బాధ తన గూడెం ఒక్కదానిదే కాదని గ్రహించాడు.

స్వస్థలానికి తిరిగి వచ్చిన భీం వెంటనే ఆయుధం పట్టలేదు. ఊరివారి భూమి తగాదాలలో వారికి అండగా నిలిచాడు. కొన్ని కుటుంబాలతో కలిసి బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో అడవి బాగుచేసి సేద్యం సాగించాడు. అటవీ ఉద్యోగులు ఆ గుడిసెలను తగులబెట్టి, వారిని వెళ్లగొట్టారు. భీం తమ గోడును పాలకులకు విన్నవించాలని హైదరాబాదు వరకు వెళ్లాడు. అక్కడ అతనికి దర్శనం దొరకలేదు.

విన్నపాలకు దారి మూసుకుపోయిన తరువాతనే అతడు తిరుగుబాటు ప్రకటించాడు. పన్నెండు గ్రామాల గోండులు, కోలాములు అతని వెంట నడిచారు. నీరు, అడవి, భూమి మీద ఆదివాసులకే హక్కు ఉండాలని, తమ గ్రామాలను తామే పాలించుకోవాలని అతడు కోరాడు. పట్టాలిస్తామని అధికారులు రాయబారం పంపినా, స్వపాలన లేని పట్టా నిలవదని భీం అంగీకరించలేదు. 1940లో సాయుధ పోలీసులు జోడేఘాట్ కొండను చుట్టుముట్టారు. తుపాకులకు ఎదురు నిలిచిన భీం, అతని సహచరులు పలువురు నేలకొరిగారు. ప్రతి సంవత్సరం ఆశ్వయుజ పౌర్ణమి నాడు వేలాది ఆదివాసులు జోడేఘాట్‌కు వచ్చి తమ వీరునికి నివాళులర్పిస్తారు.

శరీరానికి తగిలిన గాయం కొన్నాళ్లకు మానుతుంది. ఒక జాతి మనస్సుకు తగిలిన గాయం తండ్రి నుండి కొడుకుకు సంక్రమిస్తుంది. జోడేఘాట్ తరువాత గోండుల పరిస్థితి అదే. కొత్తవాడు ఊరిలోకి వస్తే భయం, కచేరీ అంటే భయం. ఆ భయాన్ని పోగొట్టడానికి మంచిమాటలు చాలవు. పోయినది తిరిగి ఇవ్వాలి.

గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్తను నియమించింది. అతడు ఆస్ట్రియా దేశీయుడు, మానవశాస్త్ర పండితుడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయాడు. అతడు, భార్య బెట్టీ మార్లవాయి అనే గోండు గ్రామంలో గుడిసె వేసుకొని నివసించారు. వారి భాష నేర్చుకొన్నారు, వారి పండుగలలో పాల్గొన్నారు. తప్పు గోండులది కాదని, భూమి పోవడమే తిరుగుబాటుకు మూలమని హైమన్‌డార్ఫ్ ప్రభుత్వానికి స్పష్టంగా నివేదించాడు. ఫలితంగా 1940లలో లక్ష ఎకరాలకు పైబడిన భూమికి ఆదివాసుల పేర పట్టాలు ఇచ్చారు. బతికి ఉండగా భీంకు దక్కని న్యాయంలో కొంత భాగం, అతడు మరణించిన తరువాత అతని జాతికి దక్కింది.

భూమి తరువాత అక్షరం. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ ప్రారంభమైంది. గోండీ భాషలో, నాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకు గోండు ఉపాధ్యాయులే, గోండీలోనే పాఠాలు చెప్పారు. ఇంట్లో మాట్లాడే మాట బడిలో పుస్తకంలో కనిపించగానే పిల్లలకు బడి పరాయిది కాలేదు. గోండీ మన భాషలకు దూరపుదేమీ కాదు. అది ద్రావిడ భాష. తెలుగులో మూడు, కన్నడంలో మూరు, గోండీలో ముండ్. తెలుగులో నాలుగు, కన్నడంలో నాల్కు, గోండీలో నాలుంగ్. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కన్నడం వింటూ తెలుగు చదువుకొనే పిల్లలకు ఈ చుట్టరికం సులభంగా తెలుస్తుంది. మాతృభాషలో చదువుకోవడం ఎంత విలువైనదో కూడ వారికి తెలుస్తుంది.

కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు నాగోబా జాతర జరుపుతారు. హైమన్‌డార్ఫ్ సలహాతో ఆ జాతరలో దర్బారు నిర్వహించే సంప్రదాయం ఏర్పడింది. ఆ రోజు అధికారులే గోండుల మధ్యకు వచ్చి కూర్చొని వారి ఫిర్యాదులు వింటారు. భీం నాడు హైదరాబాదు దాకా వెళ్లినా దొరకని అవకాశమిది. బెట్టీ 1987లో మరణించింది. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది.

అయినా గాయం పూర్తిగా మానలేదు. గోండీ బడులు ఎక్కువ కాలం సాగలేదు. భూములు మళ్లీ చేతులు మారాయి. షెడ్యూల్డు ప్రాంతాలలో ఆదివాసుల భూమి ఇతరుల పాలు కాకుండ 1959లో, 1970లో ప్రభుత్వం నిబంధనలు చేసింది. అవి సరిగా అమలు కాలేదు. భూమి కోసం 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గుమికూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదముగ్గురు మరణించారు. అడవిలో సాగుచేసుకొనేవారికి హక్కునిచ్చే చట్టం 2006లో వచ్చింది. ఆ చట్టం కిందనే 2011లో కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలలో సోలిగలు తమ అడవిపై సామూహిక హక్కు పొందారు. 2007లో ఐక్యరాజ్యసమితి ప్రపంచంలోని ఆదివాసులందరి హక్కులను గుర్తిస్తూ ప్రకటన చేసింది. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాలలో దొరికిన పాత చేతిరాత ప్రతుల వల్ల గోండులకు సొంత లిపి ఉన్నదని లోకానికి తెలిసింది. 2018 నుండి ఆ లిపికి కంప్యూటరు అక్షరాలలో స్థానం లభించింది. 2016లో ఏర్పడిన ఒక జిల్లాకు భీం పేరు పెట్టారు.

విగ్రహాలు, పేర్లు గౌరవానికి గుర్తులు. భీం కోరినది అంతకంటె పెద్దది. దున్నేవానికి భూమి, తన ఊరి మీద తనకు మాట, తలెత్తుకొని బతికే హక్కు అతడు కోరాడు. అవి ప్రతి గూడేనికి దక్కిన నాడే జోడేఘాట్ గాయం మానినట్లు.

అర్థాలు

అజ్ఞాతవాసం = ఎవరికీ తెలియకుండ నివసించడం
కచేరీ = ప్రభుత్వ కార్యాలయం
పట్టా = భూమిపై హక్కును తెలిపే పత్రం
వెట్టి = కూలి ఇవ్వకుండ చేయించుకొనే పని
వంటచెరకు = వంటకు వాడే కట్టెలు

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. గోండులు తమ భూములను ఏయే విధాలుగా పోగొట్టుకొన్నారు?
2. చాందాలో భీం నేర్చుకొన్న విద్య అతనికి ఏ విషయాన్ని తెలియజేసింది?
3. పట్టాలిస్తామన్నా భీం ఎందుకు అంగీకరించలేదు? మీ అభిప్రాయం రాయండి.
4. జాతి మనస్సుకు తగిలిన గాయాన్ని మాన్పడానికి మార్లవాయిలో ఏమేమి జరిగాయి?

ఆ. విడదీసి, సంధి పేరు రాయండి.
ప్రాణాలర్పించు, శతాబ్దం, రాజ్యమేలారు

ఇ. చేయవలసిన పని
కర్ణాటకలోని ఆదివాసి జాతుల పేర్లు, వారు నివసించే జిల్లాల పేర్లు సేకరించి పట్టిక తయారుచేయండి.