కూలే కట్టడాలకు కాపరి రిచర్డ్ నికెల్

చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పక్కన, వెనుక భవనమంటూ లేకుండా ఒంటరిగా నిలిచిన కమానును మనలో చాలామందిమి చూసే ఉంటాం. దాని వెనుక ఒక మనిషి జీవితం ఉంది.

రిచర్డ్ నికెల్ 1928లో చికాగోలోనే జన్మించారు. ఫొటోగ్రఫీ విద్యార్థిగా ఆడ్లర్, సల్లివాన్ అనే వాస్తుశిల్పుల కట్టడాలను చిత్రించే పని చేపట్టారు. అదే ఆయనకు జీవితదీక్ష అయింది. పాతది పోయి కొత్తది లేస్తున్న రోజులవి. ఆయన ఫొటో తీసిన భవనాలు ఒక్కొక్కటే నేలమట్టమయ్యాయి. గారిక్ థియేటరును కాపాడాలని 1960లో అట్ట పట్టుకొని వీధిలో నిలబడ్డారు. అయినా 1961లో దాన్ని కూల్చి, ఆ స్థలంలో కార్లు నిలిపే కట్టడం కట్టారు. నికెల్ కెమెరాతో ఆగలేదు. కూలే గోడలనుంచి శిల్పాలను స్వయంగా విడదీసి భద్రపరిచారు.

1972 ఏప్రిల్ 13న, కూల్చివేత సాగుతున్న స్టాక్ ఎక్స్ఛేంజి భవనంలోకి ఒంటరిగా వెళ్ళి, శిథిలాల కింద ప్రాణాలు విడిచారు. దేహం మే నెలలో గాని దొరకలేదు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్ళు. ఆ భవనపు ప్రవేశద్వారమే నేడు మనం చూసే కమాను.

మన ఊళ్ళలోనూ మండువా లోగిళ్ళు పోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు తాతగారి ఇంటిని, ఇరుగుపొరుగు ఇళ్ళతో సహా, పిల్లలచేత ఫొటో తీయిద్దాం.